తెల్లోడి కఫీల్

ఆ బుధవారం మా గ్యాలరీకి ఒక్కడే వచ్చాడు. బాత్రూమ్ ఎక్కడని అడిగాడు, పని చూసుకున్నాడు, పోతూ పోతూ గోడల వైపు ఒకసారి తల తిప్పి "సబ్ కాలా హీ కాలా" అని గొణిగి వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వెనకాలే పరిగెత్తి పట్టుకుని, ఆ నలుపులో ఏముందో చెప్పి గాని వదలకూడదనిపించింది.

నలుపు మాట నిజమే. రాగి రేకు మీద సన్నటి ఉలితో గీతలు చెక్కి, ఆ గీతల్లో సిరా నింపి, తడి కాగితం మీద అచ్చొత్తిన బొమ్మలవి. మూడువందల ఏళ్ళ కిందట ఐరోపా వాళ్ళు ఆఫ్రికా తీరం పొడవునా కట్టుకున్న వర్తక స్థావరాలు వాటిల్లో ఉంటాయి. రాళ్ళ మీద కోటలు, కోటల మీద జెండాలు, గిడ్డంగులు, దూరాన లంగరు వేసిన ఓడలు, ఒడ్డున చీమల్లాంటి మనుషులు. మా గ్యాలరీ యజమాని, పనివాళ్ళ వీసాలు చేతిలో ఉంచుకునే కఫీల్, అందరం అర్బాబ్ అని పిలిచే పెద్దాయన, వాటిని లండన్ వేలాల్లో కొని తెచ్చి, షార్జా పాత బజారు వెనకున్న ఈ ఇంటి స్టోర్‌రూములో పెట్టించి మరిచిపోయారు.

వాటిని బయటికి తీయించడానికి ఏడాదిపాటు జోరీగలా అందరి చెవుల్లోనూ రొద పెట్టింది నేను. మాది సిరిసిల్ల. ఉస్మానియాలో చరిత్ర ఎమ్మే చేశాను. పెళ్ళయి షార్జా వచ్చి, ఈ గ్యాలరీలో టిక్కెట్లు చింపే పనిలో చేరాను. ఎట్టకేలకు 2007 ఫిబ్రవరిలో ఒక హాలు నా చేతికిచ్చారు. బొమ్మలు ఎంచింది నేను, వరస పెట్టింది నేను, కింద అంటించిన వివరాలు రాసింది నేను. రేణుక అనే మనిషి సొంతంగా పెట్టిన మొదటి ప్రదర్శన అది. జనమే లేరు.

మా ముదీర్, అంటే మేనేజరు, రామ్మోహనరావు గారిది కాకినాడ. మనిషి మంచివాడే గాని, తలలు లెక్కపెట్టే జబ్బుంది. ఆ బాత్రూమ్ మనిషి గడప దాటగానే నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"చూడమ్మా రేణుకా, నేనేం నీకు విరోధిని కాదు. కానీ అర్బాబ్ గారు ఫోన్ చేసి ఎంతమంది వచ్చారయ్యా అంటే నేనేం చెప్పనూ? ఇందాక వచ్చాడే, ఆయన్ని కూడా కలిపి చెప్పనా?"

"కొంచెం టైమివ్వండి సార్."

"ఇచ్చాను కదమ్మా. శుక్రవారం దాకా చూస్తాను. శనివారం పొద్దున్నే ఇవి దించేయిస్తాను. డేగల ఫోటోలు రెడీగా ఉన్నాయి. డేగలంటే ఇక్కడ జనం ఎగబడతారు."

"మరి నేను?"

"నీకేంటమ్మా, నీ టిక్కెట్ కౌంటర్ ఎక్కడికీ పోలేదు కదా."

ఓదార్చాననే అనుకున్నారాయన. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. మళ్ళీ ఆ గాజు కిటికీ వెనక కూర్చుని డేగలకు టిక్కెట్లు చింపాలన్నమాట.

మధ్యాహ్నం రాజమౌళి వచ్చాడు. మా బిల్డింగుకు రంగులు వేసే కంపెనీలో పనిచేస్తాడు. సిరిసిల్ల పక్క పల్లె. నోరు ఒక్క క్షణం ఊరుకోదు. తన గురించి తాను చెప్పుకోవడంలో సిగ్గన్నది ఎరగడు. డేగల ఫోటోల కోసం గోడలు ఏ రంగు వేయాలో చూడమని ముదీర్ గారు పిలిపించారట. అంటే శుక్రవారం దాకా చూస్తాననడం కూడా ఉత్తదే.

"ఏందక్కా, దుకాణం ఖలాసా?" అన్నాడు రాజమౌళి, కొలత టేపు తీస్తూ.

"దుకాణమంటే పండ్లు రాలగొడ్త. ప్రదర్శన అను."

"సరే, ప్రదర్శనే. ఒక్క మాట అడుగుత, కోపం జెయ్యకు. గిన్ని బొమ్మలు ఒక్కపారే ఇప్పి పెట్టినవ్. ఇట్లొచ్చి అట్ల జూస్తే అన్నీ కనవడ్తయ్. ఇగ చూసెటోడు ఎందుకు నిలవడ్తడు?"

"గ్యాలరీల ఇప్పి పెట్టక మూసి పెడ్తరా?"

"మా తాత మూసే పెట్టెటోడు. పటం మొత్తం ఒక్కపారి ఏనాడు ఇప్పలే. కత ఎంత దూరం నడిస్తే పటం అంతే ఇప్పాలె. మిగిలింది చుట్ట చుట్టే ఉండాలె. లోపల ఏమున్నదో అని జనం మెడలు సాపి కూసుంటరు. మొత్తం ఇప్పినవనుకో, బువ్వ తినొస్తమని లేసి పోతరు."

అప్పటికి గాని నాకు తట్టలేదు. "నువ్వు కూనపులోళ్ల పిలగానివా?"

"ఏమనుకున్నవ్ మరి!" అని ఛాతీ విరిచాడు. "మా తాత కర్ర వెట్టి చూపిస్తే పటంల బొమ్మ కండ్లు తెరుస్తదనెటోళ్లు. నాకు గదే గొంతు వచ్చింది. అందరంటరు."

కూనపులి వాళ్ళంటే మా పద్మశాలీలకు పటం కథ చెప్పేవాళ్ళు. మా కులం ఎట్లా పుట్టిందో, మగ్గం ఎవరిచ్చారో, పొడుగాటి బట్ట మీద రంగుల్లో రాయించి, ఆ బట్టను వీధిలో రెండు గుంజల మధ్య వేలాడదీసి, కొద్దికొద్దిగా విప్పుతూ చెబుతారు. చిన్నప్పుడు మా వాడకు వాళ్ళొస్తే మగ్గాలన్నీ ఆగిపోయేవి. నేను ముందు వరసలో కూర్చుని, తరవాతి బొమ్మ కోసం ఊపిరి బిగబట్టిన దాన్నే. ఇన్ని పుస్తకాలు చదివి నా బొమ్మలన్నీ బట్టల షాపులో చీరల్లా ఒకేసారి పరిచిపెట్టానే అనుకుంటే నాకే నవ్వొచ్చింది.

మర్నాడు నేనే ఫోన్ చేసి అడిగాను. "శుక్రవారం కథ చెప్తవా?"

"నేను జెప్త. వంత ఎవరు?"

వంత అంటే కథకుడి పక్కన నిలబడి ప్రతి మాటకూ ఔనని పలికే మనిషి. వంత లేకపోతే కథ నడవదు. వేరే దిక్కు లేదు గనక నేనే అన్నాను. రాజమౌళి ఒప్పుకున్నాడు గాని, షరతు పెట్టాడు.

"నేనేం జెప్పినా నువ్వు 'ఔ మల్ల' అనాలె. పొద్దు పడమట పొడిసిందన్నా ఔ మల్లే. వంత ఎన్నడు గూడ కాదనొద్దు. అంటే కత అక్కడ్నే సస్తది." మా దిక్కున "ఔ మల్ల" అంటే ఔను మరి అని.

గురువారం సాయంత్రం పని అయ్యాక హాల్లోనే కూర్చుని ఒక్కొక్క బొమ్మా అతనికి చెప్పాను. చెప్పడమంటే పోట్లాడటమే. అతనికి ప్రతి కోటలోనూ ఒక రాక్షసుడు కావాలి, ప్రతి ఓడలోనూ ఒక రాజకుమారి కావాలి. జరగనిది చెప్పడానికి వీల్లేదన్నాను. జరిగింది మాత్రం చెబితే ఎవరు వింటారన్నాడు. ఒక చోట మాత్రం ఇద్దరం ఒక్క మాట మీదికొచ్చాం. అది ఆఖరి బొమ్మ, ఇప్పటి ఘనా దేశంలో ఒసు అనే ఊళ్ళో డేన్‌లనే ఐరోపా వాళ్ళు కట్టుకున్న కోట. 1693లో దాన్ని అక్కడి మనిషి ఒకడు పట్టేసుకున్నాడు. అతని పేరు అసమేని.

"అసమేనా? గిది మనోళ్ల ఇంటిపేరు లెక్కున్నదక్కా! అసమేని రాజేశం, అసమేని భూమయ్య..."

"మనోడు కాదు. ఆఫ్రికా మనిషి. ఇంకో మాట, ఆయన దేవుడు గూడ కాదు. బేరగాడు. వాళ్ళ రాజ్యం గూడ మనుషులను పట్టి అమ్మింది. ఉన్నదున్నట్టు చెప్పు, దేవుణ్ణి చెయ్యకు."

"సరే తియ్యి," అన్నాడు. ఆ "సరే"లో నాకు నమ్మకం కుదరలేదు.

పక్క బొమ్మ దగ్గర, ఆ కోటలు కట్టుకోవడానికి చోటిచ్చింది అక్కడి రాజులే అనీ, చాలా చోట్ల తెల్లవాళ్ళు వాళ్ళకు అద్దె కట్టేవాళ్ళనీ అన్నాను. రాజమౌళి చటుక్కున తలెత్తి, "కిరాయా? తెల్లోడు కిరాయి కట్టిండా?" అని అడిగాడు. ఔనన్నాను. తనలో తానే చాలాసేపు నవ్వుకున్నాడు గాని ఎందుకో చెప్పలేదు.

శుక్రవారం పొద్దున స్టోర్‌రూములోంచి తెల్లగుడ్డలు తెచ్చి బొమ్మలన్నిటికీ ముసుగులు వేశాం. రామ్మోహనరావు గారు హాల్లోకి అడుగుపెట్టి నోరు తెరిచి నిలబడిపోయారు.

"ఏంటమ్మా ఇదీ! బొమ్మలు చూపించడానికి హాలిస్తే బొమ్మలకి ముసుగులేశావా? జనం చచ్చి ఊరుకున్నారా లోపల?"

"రేపు ఎలాగూ దించేస్తున్నారు కదా సార్. ఇవాళొక్క రోజు ముసుగులో ఉంటే కొంపలేం మునగవు."

"అర్బాబ్ గారికి తెలిస్తే నా కొంప మునుగుద్ది," అని ఆయన తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

జుమ్మా నమాజు అయ్యాక సోనాపూర్ లేబర్ క్యాంపు నుంచి బస్సు వచ్చింది. క్యాంపులో మన దిక్కు వాళ్ళందరికీ రాజమౌళి పటం కథ ఉందని మాత్రమే చెప్పాడట. ఆఫ్రికా మాట ఎత్తనే లేదు. శుక్రవారం సెలవు. తలకు నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని పెళ్ళికి వచ్చినట్టు దిగారు. సగం మంది మగ్గం కూడు పెట్టక దుబాయ్ దారి పట్టిన పద్మశాలీలే. వాళ్ళలో పెద్దవాడు పోశయ్య. సిరిసిల్లలో మగ్గం నేసి, ఇక్కడ సైట్లలో ఇనుప కడ్డీలు కడుతున్నాడు. లోపలికి వచ్చి, ముసుగులు చూసి, చెప్పులు వాకిట్లోనే విడిచాడు. అతన్ని చూసి అందరూ విడిచారు.

"పటమేది బిడ్డా?" అన్నాడు పోశయ్య నన్ను చూసి.

"గుడ్డ కిందున్నది పెద్దనాయనా. కూసోండ్రి, ఇప్పుతరు."

నేల మీద కూర్చున్నారు. రాజమౌళి రంగులు కలిపే కర్ర ఒకటి కడిగి తెచ్చుకున్నాడు. దాన్ని పైకెత్తి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"విన్నవా వంతక్కా!"

"ఔ మల్ల!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మొదటి గుడ్డ లాగాడు. ఓడ. ఒడ్డుకు దూరంగా ఆగి ఉంది. మధ్యలో ఇంతెత్తు అలలు, ఆ అలల మీద నల్లవాళ్ళ సన్నటి పడవలు.

"తెల్లోడు ఏడు సముద్రాలు దాటొచ్చిండు. ఓడ పెద్దది, మీసం పెద్దది. ఒడ్డు మాత్రం ఎక్కలేకపోయిండు! అలలు అసొంటియి. ఆ ఊరి పడవోడు వచ్చి ఎక్కించుకుంటేనే దిగాలె. లేకుంటే ఓడల్నే వాంతులు చేసుకుంట కూసోవాలె!"

"ఔ మల్ల!"

జనం ఘొల్లుమన్నారు. బొమ్మలో పడవ తెడ్డు పట్టుకున్న మనిషి గోరంత ఉంటాడు. అతన్ని చూడటానికి వెనక వాళ్ళు మోకాళ్ళ మీద లేచారు. ఈ బొమ్మ ముందు నెల నుంచీ ఎవరూ ఆగలేదు. నాకు కళ్ళు చెమర్చాయి, సంతోషంతోనే.

రెండో గుడ్డ తీసేసరికి రాతి కోట కనిపించింది. బురుజులు, ఫిరంగులు, కొయ్య మీద జెండా.

"కోట కట్టిండు. సూడు, ఎంత కోట! గీ కోట జూసి దేశమంత తెల్లోనిదే అనుకుంటున్నరా? భూమి ఎవలిది? ఆ ఊరి రాజుది. తెల్లోడు పోయి సలాం కొట్టి, అయ్యా జరంత జాగియ్యిండ్రి అన్నడు. రాజు ఇచ్చిండు. ఉట్టిగిచ్చిండా? కిరాయి కట్టుమన్నడు! వీసా రాజు చేతుల, పతాకా కార్డు రాజు చేతుల. కిరాయి ఆపినవా, యల్లా, ఓడెక్కు! ఇగ చెప్పుండ్రి, గా రాజు తెల్లోనికి ఏమైతడు?"

ఎవరో వెనక నుంచి అరిచారు. "కఫీల్!"

ఇక హాలు హాలంతా విరగబడి నవ్వింది. తెల్లోనికి గూడ కఫీలా అని ఒకళ్ళనొకళ్ళు తోసుకున్నారు. పాస్‌పోర్టు గుంజుకున్నడా లేదా అని ఒకడు, నాగా పెడితే జీతం కోసిండా అని ఒకడు. నవ్వలేక పొట్టలు పట్టుకున్నారు. వీసా, పతాకా నేను చెప్పలేదు, కల్పితమే. కానీ అసలు సంగతి ఇంత సూటిగా నేను చదివిన ఏ పుస్తకమూ చెప్పలేదు. ఔ మల్ల అని గట్టిగా అరిచాను. రామ్మోహనరావు గారి తలుపు కొంచెం తెరుచుకుంది.

ఇంకొన్ని బొమ్మలు దాటాక వచ్చిన దాంట్లో పెద్ద పెరడు, చుట్టూ వరసగా గదులు, పెరట్లో మూటలు, ఒక పక్క మెడలకు తాళ్ళతో మనుషుల వరస. కింద పాత ఇంగ్లీషు అక్షరాల్లో "ఫ్యాక్టరీ" అని చెక్కి ఉంది. ఆ రోజుల్లో కంపెనీ వాళ్ళ వర్తకపు కొఠీని అలాగే అనేవాళ్ళు. రాజమౌళి ఆ మాట చదివేసి ముందుకు పోబోయాడు. పోశయ్య చెయ్యెత్తాడు.

"ఫ్యాక్టరీ అంటున్నవ్. ఆడ ఏం తయారైతది?"

రాజమౌళి నా వైపు చూశాడు. అతను నిజంగానే తడబడ్డాడు. చెప్పాల్సింది నేనే.

"ఏం తయారు కాదు పెద్దనాయనా. మనుషులను కొని, ఓడలు వచ్చేదాంక ఆ గదులల్ల పెడ్తరు. ఓడ వస్తే ఎక్కిస్తరు. వాళ్లు మళ్ల రారు."

"ఏమిచ్చి కొన్నరు?"

అబద్ధం చెబితే కథ హాయిగా ముందుకు పోయేది. "తుపాకులు ఇచ్చిండ్రు, సారా ఇచ్చిండ్రు. అన్నిటికంటె ఎక్కువ బట్ట ఇచ్చిండ్రు. ఆ మూటలల్ల ఉన్నది బట్టనే. చానా మటుకు మన దేశం నుంచి పోయిందే. మన తెలుగు సముద్రం ఒడ్డున సాలోళ్లు నేసింది గూడ ఉన్నది."

పోశయ్య తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకున్నాడు. "నేసినోనికి తెల్వదు గద బిడ్డా," అన్నాడు చివరికి.

"తెల్వదు పెద్దనాయనా. ఎవ్వలు చెప్పలే."

ఉన్నదున్నట్టు చెప్పాలనే నా మొండితనం కథను ముంచిందనుకున్నాను. వాకిలి దగ్గర కూర్చున్న ఇద్దరు లేచి నిలబడ్డారు కూడా. రాజమౌళి మాత్రం కథకుల ఇంట్లో పుట్టినవాడు. కర్రతో నేల మీద ఒక్క దెబ్బ కొట్టి, ఆఖరి గుడ్డ అంచు పట్టుకుని, తీయకుండా ఆగాడు.

"లేసినోళ్లు కూసోండ్రి! గీ గుడ్డ కింద ఉన్నోడు ఎవడో తెల్సినంక పోదురు. గీ కోటల వంట చేసినోడు ఒకడున్నడు. తెల్లోళ్లకు బువ్వ వండిండు, బేరాలు కుదిర్చిండు, తలుపులు ఎన్నున్నయో, ఎవడు ఎప్పుడు పంటడో అన్ని చూసిండు. ఉత్త సేతుల మనిషి. వాని పేరు అసమేని!"

"ఔ మల్ల!"

లేచినవాళ్ళు కూర్చున్నారు.

"ఒకనాడు అసమేని తన మనుషులను ఎంటవెట్టుకుని కోటకు వచ్చిండు. సాబ్, వీళ్లకు తుపాకులు కావాలె, మంచి గిరాకి అన్నడు. తెల్లోడు సంబురపడి తలుపు తీసిండు. తుపాకులు తెచ్చి ముంగట పెట్టిండు. అసమేని అన్నడు, చూడక ఎట్ల కొంటం సాబ్, మందుగుండు పట్టి చూస్తమన్నడు. చూడుండ్రి అన్నడు తెల్లోడు. అందరు గుండ్లు నింపిండ్రు. నింపి..."

ఆగాడు. గుడ్డ ఇంకా తీయలేదు.

"నింపి?" అని హాలంతా ఒక్క గొంతుతో అరిచింది.

"నింపి ఎటు తిప్పిండ్రు?"

"తెల్లోని దిక్కే!"

గుడ్డ లాగేశాడు. కోట నిండుగా బయటపడింది. ఈలలు, చప్పట్లు, కేకలు. పక్క బిల్డింగు కిటికీలు తెరుచుకున్నాయి. రాజమౌళి ఊగిపోతున్నాడు. తెల్లోడి జెండా దించి అసమేని తన జెండా ఎగరేశాడనీ, ఆ జెండా మీద కత్తి తిప్పే నల్లవాడి బొమ్మ ఉండేదనీ, ఓడలు వస్తే కోట దొరగా తానే వాళ్ళకు విందులిచ్చాడనీ చెప్పుకుపోయాడు. ఇవన్నీ నేను చెప్పినవే. నాకు ఆనందం ఆగలేదు. అప్పుడు పెట్టాడు అసలు ఎసరు.

"గంతటి మొనగాడు ఎవలోడు? అసమేనోళ్లది ఏ ఊరు? మన కరీంనగర్ జిల్లానే! ముత్తాతల కాలంల ఓడెక్కి పోయిన మన సాలోళ్ల బిడ్డనే! ఔనా కాదా వంతక్కా!"

జనం ఇంకా పెద్దగా అరిచారు. మనోడే, మనోడే అని. నేను ఔ మల్ల అంటే చాలు. కథ గెలిచింది, హాలు నిండింది, ముదీర్ గారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. కానీ నా నోరు రాలేదు. బొమ్మలో గోరంతగా ఉన్న ఆ మనుషులకు ఈ ప్రదర్శనతోనైనా ఒక పేరు దక్కాలని నేను ఏడాది కొట్లాడాను. ఉన్న ఒక్క పేరునూ మనమే గుంజుకుంటే ఇక నేను చేసిందేమిటి?

"కాదు మల్ల!" అన్నాను.

వంత కాదనడం అక్కడున్న ఎవరూ పుట్టి బుద్ధెరిగాక విని ఉండరు. రాజమౌళి కర్ర గాల్లోనే ఆగింది. నన్ను కొరికేసేలా చూశాడు.

"మనోడు కాదు," అన్నాను. "ఆ దిక్కోడే. వాళ్లోడే. గొప్ప పని చేసినోడు మనోడే అయితేనే చప్పట్లు కొడ్తమా? పరాయోడైతే కొట్టమా?"

నా పని అయిపోయిందనుకున్నాను. అప్పుడు పోశయ్య మోకాళ్ళ మీద చేతులు ఊని మెల్లగా లేచాడు.

"మనోడు గాకపోతేంది బిడ్డా," అన్నాడు. "పనోడే గదా!"

ఆ మాట హాల్లో పడటమే ఆలస్యం, "ఔ మల్ల!" అని ఉరిమింది. నేను అనలేదు, రాజమౌళి అనలేదు. వాళ్ళందరూ అన్నారు. పనోడే గదా, ఔ మల్ల, పనోడే గదా, ఔ మల్ల అని తొడలు చరుచుకుంటూ మళ్ళీ మళ్ళీ అన్నారు. రాజమౌళి మొహంలో కోపం ఎప్పుడు పోయిందో తెలియదు. ఇంత మంది వంతలు వాళ్ళ తాతకు కూడా దొరికి ఉండరు.

"తర్వాతేమైంది?" అన్నాడు పోశయ్య, కూర్చోకుండానే. "ఫౌజు వచ్చి సంపిండ్రా?"

"సంపలే!" రాజమౌళి గొంతు ఖంగుమంది. "ఏడాది ఏలి, సొమ్ము ముక్కు పిండి తీసుకుని కోట వాపస్ ఇచ్చిండు. తాళంచెవులు మాత్రం ఇయ్యలే! ఇయ్యాల్టికి గూడ ఆ తాళంచెవులు వాళ్ల జాతోళ్ల దగ్గర్నే ఉన్నయి!"

ఈసారి చప్పట్లు ఆగలేదు. పోశయ్య వచ్చి ఆ బొమ్మ ముందు నిలబడి, గాజుకు మొహం ఆనించి, ఒడ్డున ఉన్న చిన్న చిన్న మనుషులను ఒక్కొక్కరినే చూశాడు. అతని వెనక వరస కట్టారు. కోట వైపు కాదు, అందరూ ఆ మనుషులనే చూస్తున్నారు. వీళ్లల్ల అసమేని ఎవడక్కా అని అడిగారు. ఎవరో తెలియదు, ఎవరైనా కావచ్చన్నాను. ఆ జవాబు వాళ్ళకు నచ్చింది. ఎవరికి వాళ్ళు ఒకణ్ణి ఎంచుకుని వీడే అని తేల్చేసుకున్నారు.

నేను బయటికి వచ్చి చూసేసరికి వాకిలి నిండిపోయి ఉంది. కేకలు విని పక్క బిల్డింగుల నుంచి దిగి వచ్చిన మలబారీలు, పఠాన్‌లు, బెంగాలీలు. లోపల ఏం చూపిస్తున్నారని అడుగుతున్నారు. రామ్మోహనరావు గారి ఫోన్ మోగింది. ఆయన నిటారుగా నిలబడి మాట్లాడిన తీరుకే అది అర్బాబ్ అని తెలిసిపోయింది.

"యెస్ సర్... యెస్ సర్, ఆ ఆఫ్రికా బొమ్మలే సర్... ఎంతమందా?" అని ఆయన వాకిలి వైపు చూశారు. హాలు వైపు చూశారు. "లెక్కపెట్టడానికి తీరిక లేదు సర్. తర్వాత చేస్తాను," అని ఫోన్ పెట్టేశారు.

తలలు లెక్కపెట్టని రామ్మోహనరావు గారిని నేనెప్పుడూ చూడలేదు.

"చూస్తూ నిలబడ్డావేంటమ్మా?" అన్నారు. "ముసుగులెయ్యి! బయట జనం ఉన్నారు. బొమ్మలన్నీ అలా తెరిచి పెడితే ఎవడు కూర్చుంటాడు?"

"మరి రేపు డేగలు సార్?"

"డేగలకేం తొందరా? అవెక్కడికీ ఎగిరిపోవు. నీ బొమ్మలు నెలంతా ఉంటాయి. ఆ తర్వాత సంగతి అర్బాబ్‌తో నేను మాట్లాడతాను." మాట పూర్తి కాకుండానే తానే ఒక గుడ్డ అందుకుని ఓడ మీద కప్పేశారు.

నేను ఏదో అనబోయాను. గొంతు పెగల్లేదు. అరిచి అరిచి పూర్తిగా పోయింది. కొత్త జనం లోపలికి వచ్చి సర్దుకుని కూర్చున్నారు. వెళ్ళిపోవాల్సిన సోనాపూర్ వాళ్ళు బస్సు ఎక్కకుండా వెనక గోడ పొడవునా నిలబడ్డారు. రాజమౌళి ఈసారి హిందీలో చెబుతానన్నాడు.

"కత నేను జెప్త. వంత ఏదక్కా?"

నా గొంతు చూపించి చేతులు తిప్పాను. రాజమౌళి చుట్టూ చూశాడు. పోశయ్య చుట్టూ చూశాడు. అందరి చూపులూ వెళ్ళి గుడ్డ అంచు సర్దుతున్న మనిషి మీద ఆగాయి. రామ్మోహనరావు గారు నేనా అన్నట్టు వేలితో తన ఛాతీ చూపించుకున్నారు. నేను తలూపాను. ఆయన టై వదులు చేసుకుని, రాజమౌళి పక్కకు వచ్చి, స్కూలు పిల్లాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డారు.

రాజమౌళి కర్ర పైకెత్తాడు. "విన్నవా వంతన్నా!"

కాకినాడ చెవికి మా మాట ఎలా వినబడిందో గాని, ముదీర్ గారు గొంతు సవరించుకుని, హాలు దద్దరిల్లేలా అరిచారు.

"అవును, మళ్ళీ!"

ఎవరం సరిదిద్దలేదు. మళ్ళీ మొదలుపెట్టాం.